వినిపించే యంత్రం నుంచి వినే యంత్రం వరకు: భాషా తరగతిలో డిజిటల్ బోధన

పాఠశాల తరగతి గదిలోకి సాంకేతిక పరిజ్ఞానం ప్రవేశించిన ప్రతిసారీ ఆ వార్త సంఖ్యల రూపంలోనే వెలువడుతున్నది. ఎన్ని కంప్యూటర్లు, ఎన్ని ట్యాబ్‌లు, ఎన్ని తెరలు, ఎంత వ్యయం అనే వివరాలు ప్రకటనలలో ఉంటాయి. ఆ వివరాలు అవసరమే. అయితే భాషా బోధన విషయంలో వాటితో పాటు మరొక లెక్కను కూడా పరిశీలించవలసి ఉన్నది. ఒక పీరియడులో ఒక విద్యార్థి స్వయంగా ఎంతసేపు పలికాడు అన్నదే ఆ లెక్క.

40 మంది విద్యార్థులున్న తరగతిలో 45 నిమిషాల పీరియడును ఉదాహరణగా తీసుకుందాం. ఉపాధ్యాయుడు ఆసాంతం మౌనం వహించి, కాలమంతటినీ పిల్లలకే సమంగా పంచినప్పటికీ ఒక్కొక్కరికి లభించేది నిమిషానికి కొద్దిగా మించిన సమయం మాత్రమే. వాస్తవానికి ఉపాధ్యాయుడు మౌనంగా ఉండడు, ఉండకూడదు కూడా. ముందు వరుసలోని ఐదారుగురు సమాధానాలు చెబుతారు. మిగిలినవారు సామూహికంగా వల్లె వేస్తారు. మాతృభాషకు ఇల్లు, వీధి, బంధువర్గం మరొక బడిగా ఉపకరిస్తాయి. ఇంగ్లీషు, హిందీ భాషలకు గ్రామీణ విద్యార్థికి తరగతి గది తప్ప వేరొక చోటు లేదు. ఆ గదిలో పలికే అవకాశం చిక్కకపోతే పదేళ్లు చదివినా నోరు తిరగదు. డిజిటల్ పరికరాలు ఈ కొరతను ఎంతవరకు పూరించగలవు, అందుకు పాటించవలసిన నియమాలు ఏమిటి అన్నది పత్రికా ప్రతినిధులకు, విద్యా శాఖాధికారులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అర్ధ శతాబ్దపు అనుభవం

తెలుగు పల్లెలకు ఉపగ్రహ పాఠం కొత్తది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఏడాది పాటు నిర్వహించిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం, సంక్షిప్తంగా 'సైట్', ప్రపంచ ప్రసిద్ధి పొందినది. అమెరికా అంతరిక్ష సంస్థకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఆ రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సంకేతాలను అందుకోవడానికి కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలతో రూపొందించిన 3 మీటర్ల యాంటెన్నాలను గ్రామాలలో నెలకొల్పారు. ఉదయం వేళ బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు ఉండేవి. భాషాపరంగా ఇందులో ఒక విశేషమున్నది. ఉపగ్రహం ఒక దృశ్యంతో పాటు రెండు ధ్వని మార్గాలను మోసుకువచ్చేది. అందువలన తెరపై ఒకే బొమ్మ కదులుతుండగా రెండు ప్రాంతాల వారు తమ తమ భాషలలో మాటలు వినగలిగేవారు. నేడు ఒకే వీడియోను పలు భాషలలో వినిపించే సదుపాయానికి ఇది పూర్వరూపమని చెప్పవచ్చును.

తరువాతి మజిలీ మన గడ్డపై నుంచే ఆరంభమైంది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్వీ-ఎఫ్01 రాకెట్ ద్వారా ప్రయోగించిన 1,950 కిలోల ఎడ్యుశాట్, కేవలం విద్యా సేవల కోసం భారతదేశం రూపొందించిన తొలి ఉపగ్రహం. ఉమ్మడి రాష్ట్రంలో 'మన టీవీ' ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. తెలంగాణలో 2017లో 'టీ-శాట్' పేరిట నిపుణ, విద్య ఛానళ్లు ఏర్పాటయ్యాయి. కోవిడ్ కారణంగా బడులు మూతపడిన 2020లో దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి ఛానళ్లే లక్షలాది ఇళ్లకు తరగతి గదులయ్యాయి. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబరు 1న డిజిటల్ తరగతులు ప్రారంభమయ్యాయి.

ఈ ప్రయత్నాలన్నీ శ్లాఘనీయమైనవే. ఉత్తమ ఉపాధ్యాయుని పాఠం మారుమూల గూడేనికి చేరింది. కాని భాషా దృష్టితో చూస్తే వీటన్నింటికీ ఒకే పరిమితి ఉన్నది. పాఠం పైనుంచి వస్తుంది. పిల్లవాని మాట తిరిగి పైకి వెళ్లదు. అతడు 'బడి' అన్నాడో 'బండి' అన్నాడో తెరపై ఉన్న ఉపాధ్యాయునికి తెలియదు.

ఈ పరిమితిని ముందుగా గుర్తించి ఉపాయం ఆలోచించినది, ఆశ్చర్యంగా తోచవచ్చును గాని, అన్నింటికంటే చవకైన రేడియో. వక్త ఒక ప్రశ్న అడిగి, కొన్ని క్షణాలు నిశ్శబ్దం పాటించి, ఆ వ్యవధిలో తరగతి అంతా బిగ్గరగా సమాధానం చెప్పిన తరువాత సరైన జవాబును వినిపించే సంభాషణాత్మక రేడియో పాఠాల పద్ధతి 1970 దశకంలో నికరాగువాలో గణితంతో మొదలై, 1980 దశకంలో కెన్యాలో ఇంగ్లీషు బోధనకు విస్తరించింది. మన ప్రాథమిక పాఠశాలలకు ఆకాశవాణి కేంద్రాలు ప్రసారం చేసిన 'విందాం – నేర్చుకుందాం' కార్యక్రమం కూడా వినడంతో పాటు ఆటపాటలకు, చేసి చూపడానికి చోటిచ్చింది. రేడియో పిల్లలను వినలేకపోయింది, నిజమే. కాని వారిని పలికించింది. ఆ పద్ధతిలో పాఠానికి ప్రాణం వక్త మాటలలో కంటే ఆ కొద్ది క్షణాల నిశ్శబ్దంలోనే ఎక్కువగా ఉన్నదని చెప్పాలి. ఆ తరువాత వచ్చిన ఖరీదైన పరికరాలలో చాలావాటికి ఆ నిశ్శబ్దం తెలియదు.

కంప్యూటర్ గదికి తాళం

కేంద్ర ప్రభుత్వం 2004 డిసెంబరులో పాఠశాలల్లో సమాచార సాంకేతిక పరిజ్ఞాన పథకాన్ని ప్రారంభించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో సుమారు 5 వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్యను చేపట్టడం జరిగింది. ప్రైవేటు సంస్థలు పరికరాలను అమర్చి, బోధకులను నియమించి, 5 సంవత్సరాలు నిర్వహించి, పిమ్మట పాఠశాలకు అప్పగించే విధానాన్ని ఇందుకు అనుసరించారు. ఆ కాలంలో ఎందరో విద్యార్థులు తొలిసారి కీబోర్డును తాకారు. ఒప్పంద కాలం ముగిసి బోధకులు వెళ్లిపోయిన తరువాత చాలా చోట్ల ఆ గదులకు తాళాలు పడ్డాయి. బ్యాటరీలు పాడైనచోట కొత్తవి రాలేదు. గది తాళంచెవి ఎవరి వద్ద ఉండాలనేది కూడా కొన్ని బడులలో తేలని ప్రశ్నగా మిగిలింది.

ఇక్కడ గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. కంప్యూటర్‌ను ఒక ప్రత్యేక పాఠ్యాంశంగా, ప్రత్యేక గదిలో, ప్రత్యేక బోధకుని చేతిలో ఉంచడం వలన తెలుగు పండితునికి గాని, ఇంగ్లీషు ఉపాధ్యాయునికి గాని దానితో సంబంధం ఏర్పడలేదు. మౌస్ పట్టుకోవడం నేర్పారు. ఆ యంత్రంతో ఒక పద్యాన్ని వినిపించవచ్చునని, ఒక సంభాషణను రికార్డు చేయించవచ్చునని చూపే అవకాశం భాషోపాధ్యాయునికి కలగలేదు. భాషా ప్రయోగశాలలు విశ్వవిద్యాలయాలకు, ఇంజనీరింగ్ కళాశాలలకే పరిమితమయ్యాయి.

తరువాతి దశలో పరికరాలు గది నుంచి తరగతిలోకి, తరగతి నుంచి విద్యార్థి చేతికి వచ్చాయి. 2017 సెప్టెంబరు 5న నాటి ఉపరాష్ట్రపతి శ్రీ ఎం.వెంకయ్యనాయుడు ప్రారంభించిన 'దీక్షా' వేదిక, పాఠ్యపుస్తకాల పుటలపై క్యూఆర్ కోడ్‌లు ముద్రించడానికి దారి తీసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి ఎడమ పుటలో ఇంగ్లీషు, కుడి పుటలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. 2022 డిసెంబరులో 8వ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంపిణీ చేశారు. ద్విభాషా పుస్తకం కాగితంపై ముద్రించినదే అయినా, భాషాభ్యాసానికి అది చేసిన మేలు కొన్ని ఖరీదైన పరికరాల మేలు కంటే తక్కువ కాదు. అర్థం కాని వాక్యానికి పక్క పుటలోనే జవాబు దొరకడం చిన్న విషయం కాదు.

తెలుగు అక్షరం వెనుక సంకేతం

యంత్రం ఒక భాషను చదవాలన్నా, పలకాలన్నా ముందుగా ఆ భాషలోని అక్షరాలను గుర్తించగలగాలి. సాధారణంగా వార్తలకు ఎక్కని ఈ విషయమే తెలుగు డిజిటల్ బోధనకు పునాది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం లభించింది. 128 గడులు గల పట్టికలో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, అంకెలు చేరాయి. 'స్త్రీ' అనే ఒక్క అక్షరాన్ని కంప్యూటర్ స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని 6 సంకేతాలుగా భద్రపరుస్తుంది. మనం అక్షరాభ్యాసంలో నేర్చుకునే క్రమానికి ఇది మిక్కిలి దగ్గరగా ఉన్నది.

కాని రెండు దశాబ్దాలకు పైగా మన పత్రికలు, ముద్రణాలయాలు, కార్యాలయాలు అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో పనిచేశాయి. వాటిలో తెరపై కనిపించేది తెలుగు; లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల సంకేతం. ఆనాటి ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపిస్తుందన్న సంగతి విలేకరి మిత్రులకు వేరుగా చెప్పనవసరం లేదు. అటువంటి పాఠాన్ని యంత్రం చదివి వినిపించలేదు, నిఘంటువుతో అనుసంధానించలేదు, అందులో ఒక పదాన్ని వెదకి ఇవ్వలేదు. దృష్టి లోపం గల విద్యార్థికి తెరపాఠకం అనే సాఫ్ట్‌వేర్ పుస్తకాన్ని చదివి వినిపించాలంటే ఆ పుస్తకం యూనికోడ్‌లో ఉండి తీరాలి. అందంగా ముద్రించిన పాఠ్యపుస్తకపు పీడీఎఫ్ ప్రతి కంటికి తెలుగుగానే కనిపిస్తూ, యంత్రానికి మాత్రం మూగగా ఉండిపోవడానికి కారణం ఇదే.

ఈ లోటును పూడ్చడానికి జరిగిన కృషి తక్కువేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ భాషా సాంకేతికాభివృద్ధి కార్యక్రమం కింద 2005లో తెలుగు సాఫ్ట్‌వేర్ ఉపకరణాలు, ఫాంట్లు గల సీడీని ఉచితంగా అందజేశారు. పోతన, వేమన ఫాంట్లు అంతకు ముందే వాడుకలోకి వచ్చాయి. 2012 ప్రాంతంలో సిలికానాంధ్ర సహకారంతో గిడుగు, గురజాడ, సురవరం, మండలి, రామభద్ర మొదలైన పేర్లతో యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా లభ్యమయ్యాయి. అయినప్పటికీ తెలుగు అక్షరపు సంక్లిష్టత యంత్రాలను అప్పుడప్పుడు పరీక్షిస్తూనే ఉన్నది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరానికి సంబంధించిన ఒక సంకేతాల వరుస సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లలో అప్లికేషన్లు కుప్పకూలాయి. యాపిల్ సంస్థ కొద్ది రోజులలోనే సవరణ విడుదల చేయవలసివచ్చింది. 'జ్ఞానం' అనే పదానికి మొదటి అక్షరమే అంత పని చేయడం కాకతాళీయమే అయినా, ఒక భాషను యంత్రాలకు అలవాటు చేసే పని ఎంత సూక్ష్మమైనదో అది తెలియజేసింది.

పాఠ్యపుస్తకాలకు, బోధనా సామగ్రికి టెండర్లు పిలిచే అధికారులు యూనికోడ్ మూలప్రతిని కూడా అప్పగించాలనే ఒక్క వాక్యాన్ని నిబంధనలలో చేర్చితే, అదనపు వ్యయం లేకుండానే పుస్తకానికి గొంతు వస్తుంది.

యంత్రానికి చెవులు వచ్చిన తరువాత

2019 మార్చిలో గూగుల్ సంస్థ 'బోలో' పేరిట భారతీయ బాలల కోసం ఒక పఠనాభ్యాస అప్లికేషన్‌ను హిందీ, ఇంగ్లీషు భాషలలో విడుదల చేసింది. తరువాత తెలుగు కూడా అందులో చేరింది; 2020లో దాని పేరు 'రీడ్ అలాంగ్'గా మారింది. పిల్లవాడు కథను బిగ్గరగా చదువుతుంటే ఫోను వింటుంది. తప్పు చదివిన పదాన్ని గుర్తించి సరిగా పలికి వినిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన 'భాషిణి' కార్యక్రమం తెలుగుతో సహా భారతీయ భాషలలో మాటను అక్షరంగా, అక్షరాన్ని మాటగా, ఒక భాషను మరొక భాషగా మార్చే ఉపకరణాలను అందుబాటులోకి తెచ్చింది. సైట్ ప్రయోగం నాటి నుంచి ఉన్న పరిమితి ఈ విధంగా తొలగనారంభించింది.

మొదట చెప్పిన లెక్కకు ఇక్కడ తిరిగి రావలసి ఉన్నది. 40 మంది తరగతిలో 10 ట్యాబ్‌లు ఉండి, నలుగురికి ఒకటి చొప్పున ఇస్తే, 45 నిమిషాల పీరియడులో ఒక్కొక్కరికి సుమారు 11 నిమిషాలు చదివే అవకాశం కలుగుతుంది. నిమిషం నుంచి 11 నిమిషాలకు పెరగడం భాషాభ్యాసంలో సామాన్యమైన మార్పు కాదు. పైగా తోటివారు నవ్వుతారనే బిడియం గల పిల్లలు యంత్రం ముందు సంకోచం లేకుండా తప్పులు చేస్తారు. ఆ తప్పులే వారికి నేర్పుతాయి. అయితే ఒకే గదిలో 10 గొంతులు ఒక్కసారిగా చదివితే ఏ యంత్రమూ సరిగా వినలేదు. మైకు గల ఇయర్‌ఫోన్లు సమకూర్చడం, జట్లను వరండాలోకి, చెట్టు కిందికి విడదీసి కూర్చోబెట్టడం తప్పనిసరి. ట్యాబ్‌లకు కోట్లు కేటాయించే అంచనాలలో ఇయర్‌ఫోన్లకు ఒక పద్దు ఉన్నదా లేదా అన్నది పరిశీలించదగిన విషయం.

పరికరం ఇచ్చినంత మాత్రాన చదువు రాదనడానికి పెరూ దేశపు అనుభవం ప్రసిద్ధమైనది. అక్కడి గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ చొప్పున ఇచ్చిన కార్యక్రమంపై 2012లో వెలువడిన అధ్యయనం భాషలో గాని, గణితంలో గాని ఫలితాలు మెరుగుపడలేదని తేల్చింది. అందుకు భిన్నంగా ఢిల్లీలో 6 నుంచి 9 తరగతుల విద్యార్థులపై జరిగి 2019లో ప్రచురితమైన అధ్యయనంలో, విద్యార్థి స్థాయిని గుర్తించి అందుకు తగిన పాఠం ఇచ్చే సాఫ్ట్‌వేర్ కేవలం నాలుగున్నర నెలలలో గణితంతో పాటు హిందీలో కూడా స్పష్టమైన ప్రగతి చూపింది. ఈ రెండవ ఉదాహరణను ఉటంకించేవారు ఒక వివరాన్ని తరచుగా విస్మరిస్తుంటారు. ఆ కేంద్రాలలో 90 నిమిషాల కాలంలో సగం మాత్రమే యంత్రం ముందు గడిచింది. మిగిలిన సగం 12 నుంచి 15 మంది పిల్లల చిన్న బృందంతో ఒక బోధకుడు కూర్చున్నాడు.

బోధకుని అవసరం తెలుగులో మరింత హెచ్చు. పుస్తకంలో 'వచ్చాడు' అని ఉన్నచోట తెలంగాణ పల్లెలోని బాలుడు 'వచ్చిండు' అని, రాయలసీమ బాలిక 'వచ్చినాడు' అని చదివితే, వాక్యం అర్థమైనట్లే. ఉపాధ్యాయుడు దానిని గ్రహించి, ముందు మెచ్చుకుని, పిమ్మట ముద్రిత రూపాన్ని చూపుతాడు. యంత్రం ఎర్రగీత గీస్తుంది. మరొక బాలుడు 'గడ్డి'ని 'గడి' అని చదివితే అది నిజమైన పఠనదోషం. అక్కడ ఎర్రగీత సబబే. ఈ రెండింటికీ గల భేదాన్ని ప్రస్తుతానికి మనిషే నిర్ణయించాలి. ఇంటి మాటను తప్పుగా చూపే యంత్రం పిల్లవాని నోరు మూయిస్తుంది. ఆ తరువాత ఎన్ని నిమిషాలు కేటాయించినా ప్రయోజనం ఉండదు.

పిల్లల గొంతులను రికార్డు చేసే ఉపకరణాల విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టాన్ని కూడా అధికారులు దృష్టిలో ఉంచుకోవలసి ఉన్నది. ఆ చట్టం 18 ఏళ్లలోపు వారిని బాలలుగా పరిగణించి, వారి సమాచారాన్ని వినియోగించే ముందు తల్లిదండ్రుల సమ్మతిని సాధారణ నియమంగా విధించింది. ధ్వని ఫోనులోనే ఉంటుందా, సంస్థ సర్వరుకు చేరుతుందా అన్న ప్రశ్నకు లిఖితపూర్వక సమాధానం పొందిన తరువాతనే పాఠశాలలో అనుమతించడం మేలు.

ఇంటి భాష వేరైన చోట

తెలుగు బడిలో తెలుగే రెండవ భాషగా ఎదురయ్యే పిల్లలు మన మధ్య ఉన్నారు. శ్రీకాకుళం, పార్వతీపురం కొండలలోని సవర బాలలకు, ఆదిలాబాద్ గోండు, కొలాం బాలలకు ఒకటవ తరగతి తెలుగు వాచకం పరభాషా గ్రంథమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అనే 8 భాషలలో, తెలుగు లిపిలోనే ప్రాథమిక వాచకాలను తయారు చేయించింది. సవర భాషకు గిడుగు రామమూర్తి పంతులు ఎన్నడో వాచకాలను, నిఘంటువును సమకూర్చిన విషయం విదితమే. ఇటీవలి కాలంలో సవరల సొరాంగ్ సోంపెంగ్ లిపికి 2012లో, ఆదిలాబాద్ ప్రాంతపు గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు లభించింది.

అక్షరానికి చోటు లభించింది గాని, గొంతు ఇంకా చేరవలసి ఉన్నది. యంత్రం ఒక భాషను వినగలగాలంటే ఆ భాషలో వేల గంటల మాటలు దానికి వినిపించాలి. తెలుగుకు కోట్లాది మంది మాట్లాడేవారున్నారు గనుక ఆ సామగ్రి సమకూరుతున్నది. కొలామికి అది వ్యాపార సంస్థల వలన సమకూరేది కాదు. ఆ పని ఊరిలోనే ఆరంభించవలసి ఉంటుంది. సమాజం నుంచి వచ్చిన బోధకుడు తన ఫోనులో అవ్వ చెప్పిన కథను, సంత కబుర్లను, పొలం పనుల పేర్లను పిల్లల చేతనే రికార్డు చేయించి, ఏ ఊరు, ఏ సంవత్సరం అని గుర్తు రాసి భద్రపరచవచ్చును. అదే కథను మరునాడు తరగతిలో వినిపించి, మొదట ఇంటి భాషలో, పిమ్మట తెలుగులో చెప్పించవచ్చును. ఇందుకు ఇంటర్నెట్ అవసరం లేదు. కొత్తగా కొనవలసిన పరికరం లేదు. ఛార్జింగు సదుపాయం, వారానికి రెండు పీరియడ్ల కాలం, ఆ భాష మాట్లాడే బోధకుని పోస్టు ఖాళీగా ఉండకపోవడం, ఈ మూడూ ఉంటే చాలును. వీటిలో మూడవది జిల్లా స్థాయిలో తొలుత సమీక్షించవలసిన అంశం.